మన కబడ్డీ వీడియోకి ర్యాప్ పాట కావాలి: శుక్రవారంలోగా చెప్పండి

అన్నలూ, తమ్ముళ్లూ!

ఆదివారం ఫైనల్‌కి ముందే టీమ్ వీడియో రెడీ కావాలి. క్లిప్పులు చాలావరకు వచ్చాయి, పాటే తేలలేదు. శుక్రవారం రాత్రి 9 లోపు ఒక్కొక్కరు ఒక ర్యాప్ పాట చెప్పండి.

నా ఓటు ఎమినెమ్ ‘లూజ్ యువర్‌సెల్ఫ్’కి. 2002 నాటిది, ఆస్కార్ గెలిచిన మొదటి ర్యాప్ పాట. మొదట పియానో మెల్లగా నడుస్తుంది, అక్కడ మనవాళ్లు షూ లేసులు బిగించడం, తొడ కొట్టడం పెట్టొచ్చు. బీట్ అందుకోగానే రైడర్ గీత దాటాలి. ఒళ్లు పులకరిస్తుంది, నిజంగా!

వార్మప్‌కి అతనిదే ‘టిల్ ఐ కొలాప్స్’ వినండి. హిందీలో ‘గల్లీ బాయ్’లోని ‘అప్నా టైమ్ ఆయేగా’ కూడా బాగుంటుంది. తెలుగు ర్యాప్ ఎవరైనా చెబితే ముందు అదే వింటాను.

పాట పేరుతో పాటు ఏ నిమిషం నుంచి వాడాలో రాయండి. బూతులుంటే క్లీన్ వెర్షనే పంపండి, ఇంట్లో పెద్దవాళ్లూ చూస్తారు.

శనివారం ఉదయం గ్రూపులో పోల్ పెడతా, అందరూ ఓటేయండి.

రైడ్ క్లిప్పులు ఇంకా పంపనివాళ్లు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే క్వాలిటీ పోతోంది.