రచయితల జీవిత వివరాలు: పత్రికలు చేయగలిగిన సాయం

సంపాదకుడు గారికి నమస్కారం.

అంతర్జాల విజ్ఞాన సర్వస్వాల్లో తమ గురించి ఉన్న వ్యాసాల్లో తప్పులు దొర్లాయని, వాటిని ఎలా సరిచేయించుకోవాలో తెలియడం లేదని రచయితలు సాహిత్య సభల్లో చెప్పుకోగా ఈమధ్య తరచు వింటున్నాను. ఈ చిక్కు తీరే మార్గం చాలావరకు పత్రికల చేతుల్లోనే ఉందన్న నమ్మకంతో మీకు ఈ లేఖ రాస్తున్నాను.

తన గురించిన వ్యాసాన్ని రచయిత తానే దిద్దుకోవడం తగదు. తప్పు ఏమిటో వ్యాసం వెనుక ఉండే చర్చ పేజీలో తెలిపి, ఆధారం చూపి, సరిచేయమని కోరడమే వికీపీడియా సూచించే పద్ధతి. ఈ పద్ధతి సబబైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. బిరుదులూ సన్మానాలూ ఎవరికి వారే ఎక్కించుకుంటూ పోతే ఆ వ్యాసానికి విలువ ఏముంటుంది? ఆధారం లేని రాతల వల్ల జరిగే హాని కూడా చిన్నదేమీ కాదు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉన్నట్టు అనుమానించారని 2005 మే నెలలో ఎవరో రాసిన అబద్ధం నెలల తరబడి వికీపీడియాలో ఆయన గురించిన వ్యాసంలో అలాగే ఉండిపోయింది. జీవించి ఉన్నవారి గురించి రాసేటప్పుడు ఆధారాల విషయంలో పట్టు బిగియడానికి ఆ ఉదంతం ఒక ముఖ్య కారణం.

అయితే, ఆ పట్టు రచయితకే ఎదురు తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. నవలాకారుడు ఫిలిప్ రాత్ రాసిన 'ది హ్యూమన్ స్టెయిన్'కు ప్రేరణ అనటోల్ బ్రోయార్డ్ అనే రచయిత జీవితమని వికీపీడియాలో ఉండేది. అది నిజం కాదని, ప్రిన్స్‌టన్‌లో ఆచార్యుడైన తన మిత్రుడు మెల్విన్ ట్యూమిన్‌కు ఎదురైన ఒక సంఘటనే ఆ నవలకు మూలమని రాత్ తరఫున తెలియజేసినప్పుడు, రచయిత మాట ఒక్కటే చాలదని, మరెక్కడైనా ప్రచురితమైన ఆధారం కావాలని జవాబు వచ్చింది. 2012 సెప్టెంబరులో ఆయన 'ది న్యూయార్కర్' పత్రిక ద్వారా సుదీర్ఘమైన బహిరంగ లేఖ ప్రచురించవలసి వచ్చింది. 2022 డిసెంబరులో నవలా రచయిత్రి ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్, తనకు విడాకులైన సంగతి వ్యాసంలో చేరాలంటే ఏదైనా ఇంటర్వ్యూలో ఆ మాట రావాలని తెలుసుకుని, ఎవరైనా అడగమని బహిరంగంగా కోరితే, 'స్లేట్' పత్రిక ఆ ప్రశ్న వేసి ఆమె జవాబును ప్రచురించింది.

వారిద్దరికీ పత్రికలు అందుబాటులో ఉన్నాయి. మన రచయితల పరిస్థితి అలా లేదు. పెళ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరుతో, తర్వాత అత్తింటి ఇంటిపేరుతో కథలు రాసిన ఒక పెద్దావిడ నాకు తెలుసు. ఆమె గురించిన వికీపీడియా వ్యాసంలో తొలినాటి కథల ప్రస్తావనే లేదు. ఆ రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే ఆధారం ఆమె దగ్గర ఒక్కటే ఉంది. అది పాత నోటుబుక్కులో అంటించుకున్న పుస్తక సమీక్ష. కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ ఉన్న పైఅంచు పోయింది. ఆ కాగితం చూసి వికీపీడియాలో వ్యాసాలు దిద్దేవారు మాత్రం ఏం చేయగలరు? కథల విషయంలో శ్రీకాకుళంలోని కథానిలయం చేస్తున్న సేవ వెలకట్టలేనిది. కాళీపట్నం రామారావు గారు నెలకొల్పిన ఆ సంస్థ, ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో పట్టికలుగా అందరికీ అందిస్తోంది. సమీక్షలకు, ఇంటర్వ్యూలకు, సభల వార్తలకు అలాంటి ఏర్పాటు ఉన్నట్టు నాకు కనబడలేదు. పైగా మన పుస్తకాల్లో అనేకం రచయితలు సొంత ఖర్చుతో వేసుకున్నవే కాబట్టి, వాటి గురించి పత్రికలో వచ్చే నాలుగు వాక్యాల సమీక్షే చాలాసార్లు బయటివారు చూపగల ఏకైక సాక్ష్యమవుతుంది.

పుట్టినతేదీ సంగతి మరీ ఇబ్బందికరం. బడిలో వేయించిన తేదీ ఒకటి, అసలు తేదీ మరొకటి అయినవారు పాత తరంలో ఇంటికొకరైనా ఉంటారు. ఇంటర్వ్యూ చేసే విలేకరి ఆ ఒక్క ప్రశ్న అడిగి రెండు తేదీలూ రాస్తే, ఆ వివరం ఎప్పటికీ నిలిచిపోతుంది.

అందుకే మీకు నా విన్నపం. పుస్తక సమీక్షల్లో రచయిత పూర్తి పేరు, కలంపేరు, పూర్వపు ఇంటిపేరు, ప్రచురణ సంవత్సరం తప్పక వేయండి. సాహిత్య పేజీలను, ముఖ్యంగా కొద్దిరోజులకే కనబడకుండా పోయే జిల్లా అనుబంధాలను, తేదీతో సహా శాశ్వతంగా అందుబాటులో ఉంచండి. తమ గురించి ఇదివరకు అచ్చయిన వివరంలో తప్పుందని రచయిత రుజువుతో రాసినప్పుడు, దాన్ని పక్కన పడేయకుండా పరిశీలించి, సవరణగా నాలుగు పంక్తులు ప్రచురించండి. చర్చ పేజీలో చూపడానికి ఆ నాలుగు పంక్తులు చాలు.

ఇట్లు,
ఒక కథా రచయిత,
విజయనగరం