పెద్దవయసు పియానిస్టులకు మన హాళ్లు సిద్ధంగా లేవు

సంపాదకుల వారికి,

తొంభై దాటిన పియానిస్టు కచేరీ చేశారన్న వార్త వచ్చినప్పుడల్లా ఫొటో కింద ‘అద్భుతం’ అని రాసి సరిపెడుతున్నారు. ఆ వయసులో ఆ చేతులు ఏం చేస్తాయో, వాయిద్యాన్ని వాళ్లకోసం ఎలా సిద్ధం చేస్తారో ఎవరూ రాయరు. పియానో నేర్పేవాళ్లం, బాగుచేసేవాళ్లం కనుక మేం రాస్తున్నాం. విశాఖలో చర్చిల్లో, ఇళ్లలో ఇప్పటికీ వాయించే పెద్దలు ఉన్నారు. వాళ్లు వేదిక ఎక్కకపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు.

పియానిస్టు మెచిస్వావ్ హోర్షోవ్‌స్కీ 1892లో పుట్టి, 1991 అక్టోబరు 31న ఫిలడెల్ఫియాలో ఆఖరి కచేరీ చేశారు. అప్పటికి 99 ఏళ్లు. మెనాహెమ్ ప్రెస్లర్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో (ఆర్కెస్ట్రా) తొలిసారి వాయించింది తొంభై ఏళ్ల వయసులో. 1914లో పుట్టిన కొలెట్ మాజ్ కన్నుమూసింది 2023లో. ఆ ఏడాది కూడా ఆమె ఆల్బమ్ వచ్చింది. 1925లో పుట్టిన రూత్ స్లెంచిన్‌స్కా 2022లో ఆల్బమ్ ఇచ్చారు. హోర్షోవ్‌స్కీవీ స్లెంచిన్‌స్కావీ చిన్న చేతులు. కండబలం మీద కాక చేతి బరువు మీద ఆధారపడి వాయించడం మొదటినుంచీ అలవాటైనవాళ్లే ఎక్కువకాలం నిలుస్తారని మా అభిప్రాయం.

పియానిస్టు ఆర్థర్ రూబిన్‌స్టీన్ తన పెద్దవయసు పద్ధతి తానే చెప్పారు: తక్కువ కృతులు ఎంచుకోవడం, వాటినే ఎక్కువసార్లు సాధన చేయడం, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదించడం. ఆ తేడావల్ల తరవాతి వేగం వినేవాళ్లకు ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది. మన గాయకులు వయసు పెరిగాక శ్రుతి తగ్గించుకుంటారు, విలంబంలో పాడతారు, పై కాలం స్వరాలు శిష్యులకు వదులుతారు. నేదునూరి కృష్ణమూర్తి గారు నివసించిన ఊళ్లో ఇది ఎవరూ లోపంగా ఎంచరు. పియానిస్టుకు శ్రుతి తగ్గించుకునే వీల్లేదు, కనుక సర్దుబాటంతా వేళ్లలోనూ, వాటితో నొక్కే పియానో మెట్లలోనూ (కీస్) జరగాలి.

వేళ్ల సంగతి. ముందు నొప్పి పుట్టేది బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కనున్న కీలు దగ్గర. స్కేలు (స్వరాల వరస) వాయించేటప్పుడు బొటనవేలిని అరచేతి కిందికి దూర్చడం మాని, చెయ్యి మొత్తాన్ని పక్కకు జరిపేలా వేళ్ల వరస మార్చుకోవాలి. అష్టమం (ఆక్టేవ్, స నుంచి పై స దాకా) వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు, దానికి మించి చెయ్యి చాచి ఒకేసారి నొక్కాల్సిన స్వరాలు ఉంటే కింది స్వరం ముందు తాకి, కుడి పెడల్‌తో నిలిపి, మిగతావి తరవాత వాయించవచ్చు. సాధన ఇరవై నిమిషాలు, పది నిమిషాల విశ్రాంతి, మళ్లీ ఇరవై. కచేరీ నలభై నిమిషాలకు మించకూడదు. బరువైన కృతి ఆఖర్న పెడతారు గానీ, రెండోదిగా పెట్టాలి: అప్పటికి వేళ్లు వేడెక్కి ఉంటాయి, అలసట ఇంకా రాదు.

స్వరాల పుస్తకం చూసి వాయించడం చిన్నతనమేమీ కాదు. పియానిస్టు స్వియాతొస్లావ్ రిక్టర్ అంతటివాడే 1980ల నుంచి పుస్తకం ఎదురుగా పెట్టుకుని వాయించారు. చదివే కళ్లజోడు 40 సెంటీమీటర్ల దూరానికి చేసింది. పియానో మీద పుస్తకం 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ప్రోగ్రెసివ్ అద్దాలతో (దూరానికీ దగ్గరికీ ఒకటే అద్దం) తల వెనక్కి వంచి చూడాల్సివచ్చి మెడ పట్టేస్తుంది. టేపుతో దూరం కొలిచి, ఆ కొలతకే విడిగా జోడు చేయించుకోవాలి.

ఇక అసలు ఇబ్బంది వాయిద్యంతో. పియానో మెట్టు దిగడానికి 50 గ్రాముల చుట్టూ బరువు కావాలి. మన ఊళ్లో గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే. పియానోకు కావలసింది 45 నుంచి 55. తేమ ఎక్కువైతే మెట్ల కిందా, తీగలను కొట్టే సుత్తుల ఇరుసుల్లోనూ ఉన్న ఉన్ని ఫెల్ట్ ఉబ్బి పిన్నులను బిగబడుతుంది, మెట్టు బరువెక్కుతుంది. పాతికేళ్ల కుర్రాడు ఆ తేడా గమనించడు. ఎనభై ఏళ్లవారికి సగం కచేరీకల్లా ముంజేయి లాగుతుంది. పరీక్ష తేలిక. కుడి పెడల్ తొక్కి ఉంచి, నడిమి తెల్ల మెట్టు ముందు అంచున పది రూపాయల నాణేలు ఏడు దొంతరగా పెట్టండి. దాదాపు 54 గ్రాములు. మెట్టు మెల్లగా కిందికి దిగాలి. తొమ్మిది, పది పెడితే గానీ దిగకపోతే ఫెల్ట్ బిగిసిందని అర్థం. దాన్ని తగిన ప్లయర్స్‌తో ఒత్తి వదులు చేయాలి, సుత్తి ఇరుసు బిగిస్తే పిన్ను మార్చాలి. నూనె మాత్రం ఒక్క చుక్క కూడా వేయకండి! ఫెల్ట్ నూనె పీల్చి జిగటగా తయారవుతుంది, ఆ తరవాత మొత్తం మార్చాల్సిందే. సముద్రం వైపు కిటికీ పక్కన పియానో పెడితే ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, రాగి చుట్టిన మంద్రస్థాయి తీగలు మొద్దుబారతాయి.

హాళ్లలో జరిగే పొరపాటు ఒకటే, ప్రతిసారీ అదే. పొద్దున ఏసీ ఆపి ఉండగా శ్రుతి చేయిస్తారు, సాయంత్రం ఐదింటికి ఏసీ వేస్తారు. చల్లబడి తేమ తగ్గగానే సౌండ్ బోర్డు (తీగల నాదాన్ని పెంచే చెక్క పలక) కుంగి తీగల బిగువు మారుతుంది. ఆరున్నరకు కచేరీ మొదలయ్యేసరికి శ్రుతి చెడుతుంది. ముందురోజు నుంచే ఏసీ నడిపి, 24, 25 డిగ్రీల దగ్గర నిలిపి, ఆ చల్లదనంలోనే శ్రుతి చేయించాలి. ఏసీ గాలి నేరుగా వాయించేవారి చేతుల మీద పడకూడదు, వేళ్లు కొంకర్లు పోతాయి.

అసలు పియానో దొరక్క డిజిటల్ పియానో పెట్టేవాళ్లు, నొక్కితే పియానోలాగే బరువు తెలిసే 88 మెట్లున్నదే తేవాలి. పెడల్ జారకుండా నేలకు టేపు వేయాలి. దయచేసి ప్లాస్టిక్ కుర్చీ వేయకండి. చేతులు లేని, ఎత్తు మార్చగల బల్ల కావాలి. మోచెయ్యి మెట్ల ఎత్తుకు రావాలి. వేదిక మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండాలి. శ్రుతి చేసేవారికి రెండు గంటలు, ఆ తరవాత వాయించే పెద్దలకు ఒక గంట హాలు ఖాళీగా ఇవ్వాలి. ఆ గంటలో మైకు పరీక్షలు పెట్టుకోవద్దు.

ఇట్లు,
పియానో బోధకులు, మరమ్మతుదారులు కొందరు,
విశాఖపట్నం