రిపోర్టు చూసి గోధుమ మాన్పించేస్తే ఎలా?

సంపాదకుల వారికి,

నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు సిలియాక్ జబ్బు అనుమానంతో చేయించే రక్తపరీక్ష విషయంలో అటు ల్యాబ్‌లూ ఇటు తల్లిదండ్రులూ పడుతున్న తొందర గురించి ఈ ఉత్తరం.

ఈ జబ్బు ఉన్న పిల్లలకు గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ పడదు. అది తిన్నప్పుడల్లా సొంత రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, వయసుకు తగ్గ ఎదుగుదల ఉండదు. ఐరన్ సిరప్ సీసాలకు సీసాలు తాగించినా రక్తం పట్టదు. ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే. అలాగని లేకపోలేదు. పొద్దున ఉప్మా, సాయంత్రం మైసూర్ బజ్జీ, మధ్యలో బిస్కెట్ ప్యాకెట్ తినే మన పిల్లలు గోధుమకు దూరంగా ఏమీ పెరగడం లేదు.

చిక్కంతా రిపోర్టు వచ్చాకే. టీటీజీ ఐజీఏ (ఈ జబ్బులో రక్తంలో పెరిగే యాంటీబాడీ) అని ఒక అంకె ఉంటుంది, పక్కన నార్మల్ 20 లోపు అని ఉంటుంది. పాపకు 34 వచ్చిందనుకోండి, దాన్ని లావు అక్షరాల్లో కొట్టి పక్కన ‘హై’ అని వేస్తారు. డాక్టరు చూడకముందే ఆ పీడీఎఫ్ తల్లి ఫోనుకు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. ఇక టెన్షన్ మొదలు. సాయంత్రానికి చుట్టాల గ్రూపులన్నీ తిరుగుతుంది, మర్నాటికి ఇంట్లో రవ్వ డబ్బా అటకెక్కుతుంది. నెలా రెండు నెలలకు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే, ‘‘గోధుమ మాన్పించేశారు కదమ్మా, కొన్ని వారాలు మళ్లీ పెట్టి తీసుకురండి, అప్పుడు ఎండోస్కోపీ చేద్దాం’’ అంటారు. తిండి మారిస్తే రక్తంలో ఆ అంకె దిగిపోతుంది, పేగు కూడా మానుతూ వస్తుంది, జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఆధారం మిగలదు. అప్పుడప్పుడే తేరుకుంటున్న పిల్లకు మళ్లీ పూరీలు పెట్టి కడుపునొప్పి తెప్పించడానికి ఏ తల్లికి చేతులొస్తాయి?

పైగా 34 అనేది ఎంత ఎక్కువో ఆ కాగితం చెప్పదు. పరీక్ష చేసే కిట్ మారితే నార్మల్ హద్దు మారుతుంది, ఒకచోట 20 అయితే మరోచోట 10 ఉండొచ్చు. అందుకే హద్దుకు ఎన్ని రెట్లుందో చూడాలి. యూరప్‌లోని పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, హద్దుకు 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, విడిగా మరోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే, ఎండోస్కోపీ లేకుండానే జబ్బును నిర్ధారించవచ్చు. అంతకు తగ్గితే ఎండోస్కోపీ గొట్టం పంపి చిన్నపేగు మొదట్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షించాల్సిందే. కొద్దిగా పెరిగిన అంకె, ముఖ్యంగా టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల్లో, గోధుమ తింటుండగానే దానంతటదే దిగిపోవడమూ ఉంది. అలాంటి పిల్లను జన్మంతా పథ్యంలో పెడతామా?

నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. సిలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలే తయారవవు. వాళ్లకు ఈ పరీక్ష చేస్తే నార్మల్ అనే వస్తుంది. టోటల్ ఐజీఏ (ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంతుందో) కూడా చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. దానికోసం పిల్లను మళ్లీ సూదితో గుచ్చక్కర్లేదు, అదే శాంపిల్ సరిపోతుంది. రెండొందల రకాల తిండికి ‘ఇన్‌టాలరెన్స్’ (ఏది పడదో) చూస్తామంటూ ప్యాకేజీలు అమ్మడానికి ఉన్న హుషారు మనవాళ్లకు ఇక్కడ ఉండదు. ఆ ప్యాకేజీలతో సిలియాక్ తేలదు కూడా.

ప్రైవేటు ల్యాబ్‌లు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టర్ కావాలి. ఆ పని చూసే జిల్లా వైద్యాధికారులు తలచుకుంటే ఒక ఆదేశంతో అయిపోతుంది. టీటీజీతో పాటు టోటల్ ఐజీఏ చేయాలి. హద్దుకు ఎన్ని రెట్లో రిపోర్టులో వేయాలి. ‘డాక్టరు చెప్పేదాకా పిల్లల తిండి మార్చవద్దు’ అని కింద తెలుగులో ఒక్క వాక్యం ఉండాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లలకు ఈ పరీక్షలు, ఎండోస్కోపీ ఏ రోజు, ఎక్కడ చేస్తారో ఓపీ దగ్గర బోర్డు పెడితే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు తిరిగే తిప్పలు తగ్గుతాయి.

ఇక జబ్బు ఉందని తేలిన పిల్లలకు మందు లేదు, తిండే మందు. అది మనం అనుకున్నంత తేలిక కాదు. బజారులో దొరికే ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు, పులిహోర పోపులో అది పడుతుంది. రాగులు ఆడించే పిండిమరలోనే గోధుమలూ ఆడిస్తారు. అంగన్‌వాడీల్లో పసివాళ్లకిచ్చే బాలామృతంలో ఉండేదీ గోధుమే. నిర్ధారణ అయిన పిల్లలకు దాని బదులు గోధుమ సోకని రాగిపిండి గానీ మరో పోషకాహారం గానీ ఇచ్చే వెసులుబాటు కల్పించమని మహిళా శిశు సంక్షేమ శాఖ వారిని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు