ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తీయమని చెప్పండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టీకాల కార్యక్రమం గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇదివరకు ఇచ్చిన వినతిపత్రాల మీద రసీదు ముద్రలు చక్కగానే పడ్డాయి, జవాబే రాలేదు. అందుకే నలుగురిలో అడుగుతున్నాం. తొమ్మిది నెలలు నిండిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లిని "ఇంకో నలుగురు పిల్లలు రావాలె, వచ్చే బుధవారం రా అమ్మా" అని ఎందుకు తిప్పి పంపుతున్నారు?

కారణం మీకూ తెలుసు. తట్టు, రుబెల్లాలను ఆపే ఎంఆర్, క్షయను ఆపే బీసీజీ పొడి టీకాలు. ఒక్కో వయల్‌లో, అంటే సీసాలో, పలువురు పిల్లలకు సరిపడా డోసులుంటాయి. ద్రావణం కలిపాక నాలుగు గంటలే వాడాలి, మిగిలింది పారబోయాలి. దాచిపెట్టి మర్నాడు వేస్తే పిల్లల ప్రాణాలకే ముప్పు, కాబట్టి పారబోయడం తప్పు కాదు. ఆ వృథాను లెక్కలో కలుపుకొనే పైనుంచి టీకాలు పంపుతారు. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తీయాలని శిక్షణ పుస్తకాల్లోనూ ఉంది. కానీ సమీక్షలో సూది వేసే నర్సును, ఏఎన్ఎంను అడిగేదేమిటి? "ఎన్ని డోసులు వేస్ట్ చేసినవ్?" ఎందరు పిల్లలు సూది పడకుండా వెళ్లిపోయారో అడిగే సారు ఒక్కరూ లేరు. ఆమె మాత్రం ఏం చేస్తుంది, వయల్ కాపాడుకుంటుంది.

మిర్చి ఏరే రోజుల్లో ఒక పూట కూలీ పోగొట్టుకొని ఏటూరునాగారం అవతలి గూడెం నుంచి నడిచొచ్చిన తల్లి మళ్లీ బుధవారం వస్తుందా? రాదు. తట్టు మాత్రం గాలిలోనే వస్తుంది, ఐదుగురు పోగయ్యేదాకా ఆగదు. కాన్పు వార్డుల్లో బీసీజీదీ ఇదే కథ. పుట్టిన 24 గంటల్లో పడాల్సిన హెపటైటిస్-బి కూడా దాంతోపాటే ఆగుతోంది. అది ద్రవ టీకా, చల్లదనం సరిగ్గా ఉంటే తెరిచాక 28 రోజులు వాడొచ్చు. దానికేం సాకు?

తిప్పి పంపేటప్పుడైనా ఒక మాట చెప్పరు. టీకా వేసినా అంతే. ఏ టీకా వేశాం, మళ్లీ ఎప్పుడు రావాలి, జ్వరం వస్తే ఏం చేయాలి, కార్డు దాచి తేవాలి... ఈ నాలుగు మాటలకు రెండు నిమిషాలు చాలు. ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ టీకా వేశాక ఒకట్రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు మామూలేనని తెలియక ఎందరో తల్లులు పదో వారం డోసుకే మానేస్తున్నారు. జలుబు ఉందని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు, మామూలు జలుబుకు టీకా ఆపనక్కర్లేదని తెలిసి కూడా!

గోడల మీద "సకాలంలో టీకాలు" అని అందంగా రాయించారు. ఆ సకాలం బిడ్డదా, సీసాదా?

దయచేసి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి: ఒక్క బిడ్డకైనా వయల్ తీయాలి, వృథా పేరుతో ఏఎన్ఎంలకు మెమోలు ఇవ్వొద్దు. తిప్పి పంపిన ప్రతి బిడ్డ పేరూ రిజిస్టర్‌లో రాయించండి, నెల సమీక్షలో మొదట ఆ పేజీనే తెరిపించండి. మళ్లీ చెబుతున్నాం, ఆదేశం నోటిమాటగా వద్దు, కాగితం మీద కావాలి.

ఇట్లు,
ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పిల్లల టీకాల పని చూస్తున్నవాళ్లం