అపోస్టిల్ కంటే ముందే అక్షరదోషం చూసుకోండి

సంపాదకులకు,

విదేశానికి పంపే జనన, వివాహ ధ్రువపత్రాల విషయంలో ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: పత్రం ఇచ్చిన దేశం, అడిగే దేశం రెండూ విదేశీ పత్రాల ధ్రువీకరణను సులభం చేసే 1961 హేగ్ ఒప్పందంలో ఉన్నాయా? ఉంటే సాధారణంగా అపోస్టిల్ (పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని చెప్పే ధ్రువీకరణ) చాలు. లేకపోతే విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన రాయబార కార్యాలయం ముద్ర తప్పవు. కెనడా 2024 జనవరి నుంచి అపోస్టిల్ పద్ధతిలోకి వచ్చింది కాబట్టి పాత సలహాలు నమ్మొద్దు.

అపోస్టిల్ ధ్రువీకరించేది సంతకాన్ని, అధికారి హోదాను, ముద్రను మాత్రమే. పేరులో తప్పుంటే తప్పుగానే ఉండిపోతుంది, ముందే దిద్దించుకోవాలి. అసలు పత్రానికి లామినేషన్ వద్దు, దానిపై ముద్ర పడదు. అపోస్టిల్ కాగితం జతచేశాక, జెరాక్స్ కోసమైనా పిన్ను ఊడదీయకండి. అనువాదం ఎప్పుడు చేయించాలో అడిగే కార్యాలయాన్నే కనుక్కోండి. కొన్నిచోట్ల అపోస్టిల్‌కూ అనువాదం కావాలంటారు.

ధ్రువపత్రాలిచ్చే కార్యాలయాలు ఈ వివరాలు గోడమీద అతికిస్తే ఎంతో మేలు.

– ఒక పాఠకుడు