పళ్లికరణైలో పెద్ద ప్రాజెక్టులకు అనుమతులు ఆపాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ చెన్నై ఎడిషన్ ఆదివారం ప్రాపర్టీ పేజీల్లో ఈ మధ్య పెరుంబాక్కం, మేడవాక్కం, షోళింగనల్లూరు వైపు కట్టబోయే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల ప్రకటనలు ఎక్కువయ్యాయి. బొమ్మలో టవర్ల వెనకాల నీళ్లు, పచ్చటి గడ్డి, ఎగిరే పక్షులు కనిపిస్తాయి. ఆ నీళ్లే పళ్లికరణై చిత్తడి నేల. దాని లోపలా, దానికి ఆనుకునీ ఇలా వందల, వేల ఫ్లాట్ల ప్రాజెక్టులు కట్టనివ్వకూడదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముఖ్యంగా నెల్లూరు, చిత్తూరు, తిరుపతి నుంచి వచ్చి ఐటీ కంపెనీలుండే పాత మహాబలిపురం రోడ్డు, అంటే ఓఎమ్మార్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ ఫ్లాట్ కొనాలనుకునే మన తెలుగువాళ్లు ఇది చదవాలని నా కోరిక.

మేం మడిపాక్కంలో ఉంటాం కాబట్టి ఈ నీటి దారి మాకు బాగా తెలుసు. వేళచ్చేరి, మడిపాక్కం, నారాయణపురం, కీళ్‌కట్టళై, మేడవాక్కం, పెరుంబాక్కం చెరువులు నిండితే, పొర్లిన నీళ్లన్నీ చివరికి వచ్చి చేరేది ఈ చిత్తడి నేలకే. దక్షిణ చెన్నైలో దాదాపు 250 చదరపు కిలోమీటర్ల మేర పడిన వాన ఇటే వస్తుంది. అది కొన్నాళ్లు ఇక్కడ నిలిచి, కొంత భూమిలో ఇంకి, మిగతాది ఒక్కియం మడువు అనే నీటి పాయ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి కోవళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. బయటికి పోయే దారి ఇరుకు. పైగా సముద్రం పోటు మీద ఉంటే కాలువలో నీళ్లు ముందుకు కదలవు. అందుకే ఇక్కడ నీళ్లు ఆగడానికి వెడల్పాటి ఖాళీ చోటు ఉండి తీరాలి. కాలువ ఎంత లోతు తవ్వినా, ఎన్ని మోటార్లు పెట్టినా ఆ చోటు లేని లోటు తీరదు.

ఆ చోటు ఎంత మిగిలింది? 1960లలో 5,000 హెక్టార్లకు పైగా ఉండేదని చెబుతారు. దాంట్లో కొంత పెరుంగుడి చెత్త డంపు మింగేసింది, కొంత ఐటీ కంపెనీలు, కొంత ప్రభుత్వ సంస్థల క్యాంపస్‌లు, పల్లావరం నుంచి తొరైపాక్కం వెళ్లే రోడ్డు దాన్ని మధ్యలో కోసేసింది. ప్రైవేటు బిల్డర్లనే తిట్టి లాభం లేదు, ప్రభుత్వమే ముందు దారి చూపించింది. కూవం, అడయారు నదుల ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లను వరద ముప్పు అంటూ లేపి తెచ్చి ఈ చిత్తడి పక్కనే పెరుంబాక్కంలో బ్లాకులు కట్టి పెట్టారు. పిల్లల బడికి, పనికి దూరమై వచ్చిన ఆ వేల కుటుంబాలు ఇప్పుడు ఇక్కడ కూడా వానాకాలంలో నీళ్లలోనే ఉంటున్నాయి. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

2015 డిసెంబరు వరదల్లో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంబాక్కం మళ్లీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, పాలు లేవు, పడవల్లో మనుషుల్ని బయటికి తెచ్చారు. కొత్త అపార్ట్‌మెంటు వచ్చినప్పుడల్లా జరిగేది ఒకటే. ఎన్నో లారీల మట్టి తోలి స్థలాన్ని రోడ్డు కంటే ఎత్తు చేస్తారు, ఆ ఎత్తు మీద గేటు పెడతారు. నిన్నటిదాకా అక్కడ నిలిచిన నీళ్లు పక్క వీధిలో పాత ఇళ్లలోకి వస్తాయి. కొత్త ఫ్లాటువాళ్ల బేస్‌మెంటు కార్లూ మునుగుతాయి, కిందింట్లో ఉండే ముసలివాళ్ల మంచాలూ మునుగుతాయి. ఇదే ఊరు 2019 ఎండాకాలంలో నీళ్లకు ఎలా అల్లాడిందో కూడా చూశాం. ఓఎమ్మార్ కంపెనీలు నీళ్లు లేక ఉద్యోగుల్ని ఇంటి నుంచే పని చేయమన్నాయి, ట్యాంకరు కోసం అపార్ట్‌మెంట్లలో గొడవలు పడ్డారు. వాన నీళ్లు భూమిలోకి ఇంకే చోటును కాంక్రీటుతో మూసేసి, ఆ పైన ఉండేవాళ్లందరికీ ట్యాంకర్లతో నీళ్లు తోలడం ఏం ప్లానింగో నాకు అర్థం కాదు.

ఇక పక్షుల సంగతి. చలికాలం మొదలైతే ఇక్కడికి ఫ్లెమింగోలు, గూడబాతులు, రకరకాల బాతులు, కొంగలు వస్తాయి. రోడ్డు పక్క బండి ఆపి చూసినా కనిపిస్తాయి. ఫ్లెమింగోల కోసం మనవాళ్లు సూళ్లూరుపేట, పులికాట్ దాకా వెళ్తారు కదా, కోటి మంది ఉన్న నగరం నడి మధ్యన అవి దిగే చోటు ఉండటం ఎంత అదృష్టమో ఒకసారి ఆలోచించండి. అందుకే 2022లో దీన్ని, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చారు, దాదాపు 1,248 హెక్టార్లు. చిక్కంతా అక్కడే ఉంది. అందులో సుమారు 700 హెక్టార్లే రిజర్వు ఫారెస్టు. మిగతా దాంట్లో ఏ సర్వే నంబరు లోపల, ఏది బయట అన్నది మామూలు మనిషికి తెలిసేలా నేల మీద హద్దు లేదు. ఆ అస్పష్టత ఉన్నంతకాలం ఫైళ్లు కదులుతూనే ఉంటాయి.

చట్టం లేక కాదు. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం రామ్‌సర్ ప్రాంతాన్ని వేరే పనికి మార్చకూడదు. పదేళ్లలో వరద చేరిన సగటు గరిష్ఠ మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలు కూడదు. 2025 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్, శాస్త్రీయంగా సర్వే తేలేదాకా రామ్‌సర్ ప్రాంతంలోనూ, దాని చుట్టూ కిలోమీటరు దాకానూ కొత్త అనుమతులు ఇవ్వొద్దంది. ఆ తర్వాతి నెలలోనే మద్రాసు హైకోర్టు పెరుంబాక్కంలో ఒక పెద్ద ప్రాజెక్టు పనులను తాత్కాలికంగా ఆపించింది. ఆ కేసులో తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది, నేను వాటి జోలికి పోను. కానీ మామూలు జనం కోర్టుకు వెళ్తే తప్ప పని ఆగకపోవడం ఏంటి? అనుమతి ఇచ్చేముందు ప్లానింగ్ ఆఫీసులో ఒక్కరైనా మ్యాపు పక్కన మ్యాపు పెట్టి చూడాలి కదా.

కిలోమీటరు నిబంధన వల్ల పాత లేఅవుట్లలో ఎప్పుడో స్థలం కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకోబోతున్నవాళ్లు ఇరుక్కుపోయారన్న మాట నిజమే. మా వీధిలోనే అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. లోను వడ్డీ కడుతూ అద్దె ఇంట్లో ఉంటున్నారు. వాళ్లనూ, ఎకరాల కొద్దీ మట్టి పోసి టవర్లు లేపేవాళ్లనూ ఒకే గాట కట్టకూడదు. సర్వే త్వరగా ముగించి, హద్దుకు దూరంగా ఇళ్ల మధ్య ఉన్న చిన్న స్థలాలకు దారి చూపించాలి. చిత్తడి లోపల నిజమైన పట్టా ఉన్నవాళ్లకు నష్టపరిహారమైనా, వేరే చోట కట్టుకునేలా బదిలీ చేసుకునే అభివృద్ధి హక్కులైనా ఇవ్వాలి. పట్టా చేతిలో ఉందని నీళ్ల దారి మూసే హక్కు మాత్రం ఎవరికీ రాదు.

కొనేవాళ్లకు ఒక మాట. అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంది, బ్యాంకు లోను ఇస్తోంది అన్న రెండు మాటలతో సరిపెట్టుకోకండి. 2015లో, 2023లో ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్క టీ కొట్టు ఆయన్ని అడిగితే చెప్తాడు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. పళ్లికరణై రామ్‌సర్ ప్రాంతంలో ఉన్న సర్వే నంబర్లన్నీ బయటపెట్టమని ప్రభుత్వాన్ని అడగండి, వస్తే పూర్తి పేజీలో తెలుగులో వేయండి. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల ప్రాజెక్టుల ప్రకటన తీసుకునేటప్పుడు సర్వే నంబరు ముద్రించడం తప్పనిసరి చేయండి. సర్వే నంబరు చెప్పడానికి ఇష్టపడని ప్రకటన తీసుకోకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మడిపాక్కం, చెన్నై