ప్యాంటులో మార్జిన్ అయిపోయింది రా

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పొట్టోడా,

ఉత్తరం చూసి భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అంటావు, చెయ్యవు. చేసినా రాత్రి పదకొండింటికి చేస్తావు. ఆ వేళకి నేనిప్పుడు నిద్రపోతున్నా. అవును, నేనే. నవ్వుకో. అందుకే షాపులో కొలతల పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చింపి రాస్తున్నా. వెనకవైపు ఎవరిదో నడుము, ఎవరిదో పొడవు రాసుంటే పట్టించుకోకు.

సంగతి మొదలైంది జూన్‌లో. బడి యూనిఫాంల సీజన్ అంటే మాకు పగలూ రాత్రీ ఒకటే అని నీకు తెలుసు కదా. ఒక రాత్రి నా ప్యాంటు నడుము దగ్గర మరీ పట్టేస్తోందని, కాస్త కుట్టు విప్పుకుందామని తిరగేశా. ప్యాంటు వెనక మధ్య కుట్టులో మేం కొంచెం బట్ట లోపలికి వదిలి కుడతాం. మార్జిన్ అంటాం దాన్ని. మనిషి లావైతే విప్పి వదులు చేసుకోవడానికి. తిరగేసి చూస్తే నా ప్యాంటులో మార్జిన్ లేదు. అంతకుముందే రెండుసార్లు విప్పేసుకున్నా. పాత కుట్ల గుర్తులు రెండు గీతల్లా కనిపిస్తున్నాయి. ఎప్పుడు విప్పానో కూడా గుర్తు లేదు రా. ఇంట్లో వాళ్లకి చెప్పలేదు సరే, నాకు నేనైనా చెప్పుకోవాలి కదా!

మెడలో టేపు ఉంది. 24 ఏళ్లుగా ఉంది. ఎన్ని వేల నడుములకు చుట్టానో, నా నడుముకు మాత్రం ఎప్పుడూ చుట్టలేదు. ఆ రాత్రి చుట్టా. 39 అంగుళాలు. పొట్ట లోపలికి లాగి మళ్లీ చుట్టా. (గిరాకీలంతా చేసే పనే అది. మేం చూడనట్టు ఉంటాం.) ముప్పై ఎనిమిదిన్నర.

వారం తర్వాత మా ఆవిడ పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. ఆమె కూడా మొదట టేపే తీసింది! మన దేశంలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలట. మేం టేపు ఒకవైపే చూస్తాం, రెండో వైపు సెంటీమీటర్లు ఉన్నట్టే మరిచిపోయా. తిప్పి చూస్తే నా 39 అంటే 99. అదీ తప్పు కొలతేనట. మేం బెల్టు కట్టే చోట కొలుస్తాం, వాళ్లు అన్నిటికంటే కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో కొలుస్తారు. ఆ లెక్కన ఇంకో అంగుళం ఎక్కువే తేలింది. 24 ఏళ్ల సర్వీసులో నా కొలత తప్పని ఒకరు చెప్పడం, నేను నోరు మూసుకుని వినడం అదే మొదటిసారి.

బీపీ 150/100. ఒక్కసారి చూసి చెప్పను, వారం ఆగి రండి అంది. మళ్లీ వెళ్తే 148/96. 140/90 దాటితే బీపీ కిందే లెక్క. మాత్ర రాసింది. చక్కెరకు మూడు నెలల పరీక్ష చేయించింది, హెచ్‌బీఏ1సీ అంటారు. రక్తంలోని ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది కదా, ఆ రోజుల్లో దానికి అంటుకున్న చక్కెర ఎంతో అందులో తేలిపోతుంది. ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి ల్యాబుకు వెళ్లే మన తెలివి దాని దగ్గర పనిచేయదు. నాకు 6.1 వచ్చింది. 5.7 లోపు ఉంటే మంచిదే, 6.5కి చేరితే షుగర్. నేను గడప మీద నిలబడ్డానన్న మాట.

మా పాప ఇంటర్‌కొచ్చింది. ఇదంతా విని, "దీన్ని సెల్ఫ్ కేర్ అంటారు నాన్నా" అని ఫోన్లో ఒక వీడియో చూపించింది. మొహానికి పచ్చగా ఏదో పూసుకుని, కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని ఒకామె పడుకుని ఉంది. "కీరా కళ్ల మీద పెట్టుకునేది కాదమ్మా, ఉప్పూకారం చల్లుకు తినేది" అన్నా. "మళ్లీ ఉప్పా?" అంది.

ఉప్పు సంగతి చెప్తా, విను. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలట, అంటే చిన్న చెంచాడు. మా ఆవిడ లెక్క వేసింది. ఇంట్లో అమ్మతో కలిపి నలుగురం, రోజుకు 20 గ్రాములు, కేజీ ప్యాకెట్ 50 రోజులు రావాలి. జూలైలో కొత్త ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ వేసింది. 27 రోజులకు ఖాళీ! అది కూడా ఊరగాయలు, ఊరమిరపకాయలు, బేకరీ మిక్చర్ వదిలేస్తే. నన్నెవరైనా తిడతారేమో అనుకున్నా, మా అమ్మ తనంతట తానే సంగటిలో ఉప్పు వేయడం మానేసింది. "ఊరిబిండి పచ్చడిలో ఉంది కదరా, మళ్లీ ముద్దలో ఎందుకు?" అంటుంది. నిజమే కదా. రెండో ప్యాకెట్ 41 రోజులు వచ్చింది.

తిండిలో అంతకుమించి పెద్దగా మార్చలేదు. షాపుకొచ్చే ప్రతివాడూ ఒక వైద్యుడే. మన పక్క ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చాక కొర్రలు, అరికెలు, సామల మాట ఎత్తనివాడు లేడు. వారంలో మూడు పూటలు నేనూ కొర్రన్నం తింటున్నా, బాగుంది. కానీ కొర్రలు తింటే మాత్రలు అక్కర్లేదని ఒకాయన నా కటింగ్ టేబుల్ మీద చెయ్యి కొట్టి మరీ చెప్పాడు. నేను మాత్ర మానలేదు. రాగి సంగటి కూడా మంచిదని రెండు ముద్దలు లాగించేస్తే అదీ చక్కెరగానే మారుతుంది. ఉగ్గాని బజ్జీ మాత్రం ఆదివారం ఉండి తీరాలి. ఇవాళ పొద్దునే అయింది. ఇప్పటికీ చేతికి పుట్నాల పొడి వాసన ఉంది.

ఇప్పుడు చెప్పేది నీతో తప్ప ఎవరితోనూ చెప్పలేను. డాక్టరమ్మ "రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారు?" అని అడిగింది. లెక్క పెట్టుకుంటే పొద్దున ఇంట్లో ఒకసారి, రాత్రి ఇంటికెళ్లాక ఒకసారి. ఎందుకంటే మన షాపులో బాత్రూమ్ లేదు. వెళ్లాలంటే కాంప్లెక్స్ వెనక గోడే దిక్కు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగను. మన ఊరి మే నెల ఎండకు, ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చుని, పగలంతా కలిపి రెండు గ్లాసులు. మంట వచ్చేది, వేడి చేసిందిలే అని సబ్జా గింజలు తాగి ఊరుకునేవాణ్ణి. మూత్రం లేత పసుపులో ఉందంటే నీళ్లు సరిపోయినట్టు, ముదురు రంగులో ఉందంటే చాలనట్టు, అంతే గుర్తుపెట్టుకోండి అంది.

రెండు లీటర్ల బాటిల్ కొన్నా. మూడో రోజు మధ్యాహ్నం గటగటా తాగుతుంటే, కాజాలు కుట్టే ఆమె తలెత్తకుండానే, "నీకేమన్నా, గోడుంది" అంది.

బాటిల్ కింద పెట్టేశా రా. ఆమె తొమ్మిదేళ్లుగా మా దగ్గర పనిచేస్తోంది. పొద్దున తొమ్మిదిన్నరకు వస్తుంది, రాత్రి ఏడుకు వెళ్తుంది. ఇంట్లో టీ తాగి వచ్చాక మళ్లీ ఇంటికెళ్లే దాకా గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగదట. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. ఆమె చెప్పలేదు, ఎట్లా చెప్తుంది? ఎండాకాలంలో తలనొప్పి అని కూర్చుంటే మాత్ర తెప్పించి ఇచ్చి, ఎంత మంచివాణ్ణో అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రమే కాంప్లెక్స్ ఓనరు దగ్గరికి వెళ్లా. మెట్ల కింద తాళం వేసిన బాత్రూమ్ ఒకటి ఉంది. సామాన్లు పెట్టుకున్నాం, కుదరదన్నాడు. నెలకు 500 ఎక్కువిస్తానంటే కుదిరింది. తాళంచెవి ఇప్పుడు దారం ఉండల డబ్బా పక్కన మేకుకు ఉంటుంది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. నా బాటిల్ పక్కన ఆమె స్టీలు సీసా ఒకటి వచ్చి చేరింది.

ఇక నడుం నొప్పి. వరసగా కూర్చోవద్దు, అరగంటకోసారి లేవమంది డాక్టరమ్మ. అలారం పెట్టా, పని మధ్యలో మోగితే చిరాకొచ్చి ఆపేశా. తర్వాత బాబిన్ గుర్తొచ్చింది, అదే, మిషన్ అడుగున దారం చుట్టి పెట్టే చిన్న చక్రం. ఒక బాబిన్ దారం అరగంటకో, ముప్పావుగంటకో అయిపోతుంది. మాటిమాటికీ లేవకుండా పొద్దునే పది చుట్టి పెట్టుకునేవాణ్ణి, అదొక తెలివి! ఇప్పుడు ఒకటే చుట్టుకుంటా. చుట్టే మిషన్ తీసుకెళ్లి గది ఆ చివర పెట్టించా. దారం అయిపోతే లేవాల్సిందే. వెళ్తూ కిటికీలోంచి రోడ్డవతలి వేపచెట్టును కాసేపు చూస్తా, కళ్లకూ విశ్రాంతి. అన్నట్టు అద్దాలు వచ్చాయి నాకు. ఏడాదిగా సూదిలో దారం కుర్రాడితో ఎక్కించుకుంటూ, వాడికి పని నేర్పుతున్నట్టు నటించా.

షట్టర్ రాత్రి ఎనిమిదిన్నరకు దించేస్తున్నా. ఇది అన్నిటికంటే కష్టమైంది. "అన్నా, రేపు పొద్దున పెళ్లి" అని తొమ్మిదింటికి బట్ట పట్టుకొస్తే, ఈ 24 ఏళ్లలో కాదని ఎరగను. ఎవరి ప్యాంటుకైనా మార్జిన్ వదిలి కత్తిరించేవాణ్ణి, నా రోజును మాత్రం అంచుదాకా కత్తిరించి పెట్టుకున్నా. మొదటి నెలలో ఇద్దరు పాత గిరాకీలు కోపగించుకుని వెళ్లారు. ఒకాయన తిరిగొచ్చాడు. రెండో ఆయన రాలేదు, ఎదురు షాపులో కుట్టించుకుంటున్నాడు. బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు?

పొద్దున ఐదున్నరకు మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడుస్తున్నా. వారానికి 150 నిమిషాలు చాలట, రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పాట పాడలేనంత, మాట్లాడగలిగేంత వేగంతో నడవాలి. 1916లో పెట్టిన కాలేజీ, నీలం సంజీవరెడ్డి గారు చదివిన కాలేజీ, మనం సెకండియర్‌లో చెట్ల కింద చదివిన కాలేజీ! నువ్వు సైకిల్ ఆనించే చోట ఇప్పుడు జొన్నంబలి అమ్ముతున్నారు.

మొన్న మళ్లీ పరీక్ష చేయించా. చక్కెర 5.9, బీపీ 132/84, నడుము 37. మందు వల్లా నడక వల్లా అంటే, రెండిటి వల్లా, మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు అంది డాక్టరమ్మ.

సరే, నా సోది అయింది. అసలు నీ కోసం కదా రాయడం మొదలుపెట్టింది. పోయిన నెల ఫోన్లో "మూడింటికే మెలకువ వస్తోంది రా, మళ్లీ పట్టట్లేదు" అన్నావు. నేను ఏదో అనేలోపే క్రికెట్ ఎత్తుకున్నావు. నేనూ ఎత్తుకున్నా. ఆ రాత్రి నుంచీ అదే మనసులో ఉంది. మీ నాయన పోయి ఎనిమిది నెలలు. కర్మలప్పుడు నువ్వు అందరికీ భోజనాలు వడ్డిస్తూనే ఉన్నావు, ఒక్కచోట కూర్చోలేదు. మరుసటి వారమే ఆఫీసుకు వెళ్లిపోయావు.

సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మాని చూడు. అది ఐదు గంటలు గడిచినా ఒంట్లో సగం ఉంటుంది. నేనూ రోజుకు ఏడు టీల నుంచి మూడుకొచ్చా. కానీ నీది కాఫీ సంగతి కాదేమో. ఇట్లా రెండు వారాలు దాటితే, దేని మీదా మనసు లేకపోతే, డాక్టరుకు చూపించుకోవాలి రా. బీపీకి నేను వెళ్లినట్టే. దానికీ వెళ్లలేనంటే 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మూడింటికి నాకు చేసినా ఎత్తుతా. పైన నిద్రపోతున్నా అన్నది నీకు కాదు.

మీ నాయన చొక్కా కొలత నా పాత పుస్తకంలో అట్లాగే ఉంది. ఛాతీ 36, పొడవు 28, ఎడమ జేబు కాస్త లోతు, బీడీ కట్ట పట్టాలని. పోయినవాళ్ల పేజీ కొట్టేయడం మా దగ్గర అలవాటు. అది కొట్టేయలేదు.

నీదీ ఉంది, నీ పెళ్లప్పటిది. నడుము 30. ఇప్పుడెంతో చెప్పకు, దసరాకు వచ్చినప్పుడు నేనే చూస్తా, డాక్టర్లు కొలిచే చోట. బ్రౌన్ రంగు బట్ట ఒకటి నీ కోసం తీసి పెట్టా. నాలుగు రోజులు ఉండేట్టు రా. పొద్దున ఐదున్నరకు గ్రౌండు గేటు దగ్గర ఉంటా, లేపడానికి మీ ఇంటికి రాను.

నీ
టేపుగాడు